కాటా కంప్యూటర్లో ముహూర్తం బటన్

మా వైపు లారీ కాటాల్లో కంప్యూటర్ నిజమైన టైము చూపించేది కాదు. చెడిపోయి కాదు, కావాలనే అలా పెట్టుకునేవారు. కొత్త ధాన్యం మొదటి బండి వర్జ్యంలో కాటా ఎక్కకూడదని రైతుకీ పట్టింపే, ధాన్యం ఏజెంటుకీ పట్టింపే, కాటా యజమానికైతే మరీను. కానీ లారీ డ్రైవరు పంచాంగం చూసుకుని బయల్దేరడు కదా. చేతిరాత చీటీల రోజుల్లో దీంతో పెద్ద చిక్కు ఉండేది కాదు. బండి ఎప్పుడొచ్చినా చీటీ మీద మంచి ఘడియ వేసి ఇచ్చేసేవారు. కంప్యూటర్లు వచ్చాక అవి తమ టైము తామే అచ్చు వేయడం మొదలుపెట్టాయి. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి ఎక్కించిన బండి సరిగ్గా వర్జ్యంలో తూగినట్టు చీటీ చేతికొస్తే ఎవరూరుకుంటారు?

అందుకని రాజమండ్రిలో ఉండే మా సారు తను రాసిన కాటా సాఫ్ట్‌వేర్లో ఒక ఏర్పాటు చేశారు. కీబోర్డు పై వరసలో ఒక బటన్ నొక్కితే బండి వచ్చిన టైము మార్చుకోవచ్చు. పాస్‌వర్డ్ అడగదు. కాటాల వాళ్ళు దానికి ముహూర్తం బటన్ అని పేరు పెట్టుకున్నారు. దసరాకి కంప్యూటర్‌కి పూజ చేసినప్పుడు ఆ ఒక్క బటన్‌కి ప్రత్యేకంగా పసుపు రాసి బొట్టు పెట్టేవారు. డెల్టాలో సారు సాఫ్ట్‌వేర్ అంతగా అమ్ముడుపోవడానికి సగం కారణం ఆ బటనే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

సారు అంటే నాకు ప్రోగ్రామింగ్ నేర్పినాయన. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో మా పిన్ని ఇంట్లో ఉండి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత పాలకొల్లు తిరిగొచ్చి ఒక బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాను. కొత్త శతాబ్దం మొదలైన రోజులవి. వీధి వీధికీ ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉండేది. ఆడపిల్లలు మాత్రం నా దగ్గరకే వచ్చేవారు, మగ మాస్టారు లేడని వాళ్ళ ఇళ్ళల్లో ధైర్యం.

అలా వచ్చిన వాళ్ళలో నర్సాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు, వాళ్ళమ్మ నర్సాపురం బజార్లో చేపలమ్ముతుంది. కోర్సు అవగానే నేనే మార్టేరు రోడ్డులో ఒక కాటాలో ఆపరేటర్‌గా పెట్టించాను. ఆ కాటా యజమాని మొదట 'ఆడపిల్లా?' అని నసిగాడు. నెల తిరక్కుండా 'మీ అమ్మాయి వచ్చాక గది గదిలా ఉందండి' అని మెచ్చుకున్నాడు. ఆ పొగడ్త కాస్త నా ఖాతాలో కూడా వేసుకుని తిరిగాను.

వానాకాలపు సార్వా ధాన్యం తోలకాలు చివరికొచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం క్లాసు నడుస్తుండగా ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. కాటాలో ఉండాల్సిన టైములో ఇక్కడికి రావడమేమిటని అడిగేలోపే, 'నన్ను దొంగన్నారండి మేడమ్' అంది. ఏడుస్తూ కాదు. పళ్ళు బిగించి చెప్పింది.

పెనుగొండ దగ్గరి రైతు ఒకాయనకి అనుమానమొచ్చి దారిలో ఇంకో కాటాలో తన లారీ తూయించుకుని మరీ వచ్చాడట. ఇక్కడ చీటీలో బరువు బాగా తక్కువుంది, రెండింటికీ పొంతన లేదు. ఆయన గొడవపెట్టుకుంటే యజమానికి తల కొట్టేసినట్టయింది. కాటా అంటే నమ్మకమే కదా పెట్టుబడి. వరసలో ఉన్న డ్రైవర్లు, కళాసీలు, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు అందరూ వింటుండగా యజమాని బయటికొచ్చి, 'కంప్యూటర్ ముందు కూర్చునేది నువ్వు. నువ్వు దొంగవి కాకపోతే ఇంకెవరమ్మాయ్ దొంగ?' అని అరిచాడట. రేపట్నుంచి రావద్దన్నాడట.

'నేను మళ్ళీ మాట్లాడి చూస్తాను. ఉద్యోగం ఎక్కడికీ పోదు' అన్నాను.

'ఉద్యోగం సంగతి తర్వాతండి. మా అమ్మ చేపలు తూచి అమ్ముద్ది మేడమ్. కూతురు కాటాలో దొంగతనం చేసిందని తెలిస్తే మా అమ్మ తక్కెడ ఎవరు నమ్ముతారండి?'

నేను ఆలోచించినదల్లా జీతం గురించి. ఆ పిల్ల ఆలోచిస్తున్నది వాళ్ళింటి పొయ్యి గురించి.

మర్నాడు ఉదయమే కాటా దగ్గరికి వెళ్ళాను. సాఫ్ట్‌వేర్ చూస్తానంటే యజమాని కాదనలేదు, మొహం మాత్రం ముటముటలాడించుకున్నాడు. ఇక్కడ కాటా సంగతి కొంచెం చెప్పాలి. లారీ నిండుగా వచ్చినప్పుడు ఒకసారి తూస్తారు. మిల్లులో సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చాక మళ్ళీ తూస్తారు. రెండింటి తేడాయే ధాన్యం బరువు. రెండో తూకం అయ్యాకే చీటీ అచ్చవుతుంది. ఈ మధ్యలో మొదటి బరువు కంప్యూటర్లోనే ఉంటుంది. ఒక్కోసారి మిల్లు దగ్గర వరస పెద్దదైతే పూటకి పూట అలాగే ఉంటుంది. రైతు ప్రతిసారీ లారీ వెంట రాడు. ఏజెంటు మనిషి వస్తాడు, చీటీ తీసుకెళ్తాడు, చీటీలో ఉన్నదానికే రైతుకి లెక్క కడతారు. అందులో బరువు తగ్గితే ఆ తేడా రైతుకి పోయినట్టే.

పొద్దుటి నుంచి ఆ సాఫ్ట్‌వేర్‌ని తిప్పి తిప్పి చూశాను. పాస్‌వర్డ్ లేకుండా బరువు మార్చే దారి ఎక్కడా కనిపించలేదు. విసుగొచ్చి, చూద్దాంలే అని ముహూర్తం బటన్ నొక్కాను. టైము గడి తెరుచుకుంది. అలవాటు కొద్దీ పక్క గడికి వెళ్ళే కీ నొక్కాను. కర్సర్ మెల్లిగా బరువు గడిలోకి వెళ్ళి నిలబడింది. అంకె చెరిపాను, చెరిగింది. వేరే అంకె కొట్టాను, పడింది.

అసలు జరిగిందేమిటో నాకు వెంటనే అర్థమైంది, సారు పని చేసే తీరు నాకు తెలుసు కనక. టైము ఒక్కదాన్నే మార్చే తెర విడిగా రాయడానికి బద్ధకించి, మొత్తం తప్పులు దిద్దుకునే తెరనే ఆ బటన్‌కి తగిలించేశారు. ఆ తెరకి ఉండాల్సిన పాస్‌వర్డ్‌ని, ముహూర్తం వేళ ఆలస్యమవుతుందని తీసేశారు. వర్జ్యం తప్పించడానికి పెట్టిన తలుపులోంచి ధాన్యం బస్తాలు బయటికి నడుస్తున్నాయి. కాటా గదిలోకి వచ్చిన ఎవరైనా చేయొచ్చు. ఆ గదికి బాత్రూమ్ లేదు. ఆ అమ్మాయి వెనక వీధిలో ఎవరింటికో వెళ్ళి వచ్చేది. ఆ కాసేపూ గదిలో ఏజెంట్లు, గుమాస్తాలు ఫ్యాను కింద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు.

కాటాలో ఎవరికీ ఏమీ చెప్పకుండా రాజమండ్రి బస్సెక్కాను. ఆ అమ్మాయికి మాత్రం సంగతి చెప్పాను, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. తప్పు ఎవరి చేతిలో పుట్టిందో ముందు వాళ్ళకే చెప్పాలి, సరిదిద్దే అవకాశం వాళ్ళకే ముందివ్వాలి. అది మర్యాద అనుకున్నాను. ఆయన నా గురువు కూడాను.

ఆయన కంప్యూటర్లోనే ఆ బటన్ నొక్కి చూపించాను. సారు చూశారు, మళ్ళీ చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

'ఎవరూ అంతదాకా వెళ్ళరమ్మా. టైము మార్చుకుని బయటికొచ్చేస్తారు.'

'వెళ్ళారు సార్. వెళ్ళబట్టే మా పిల్ల రోడ్డున పడింది.'

'ఎన్ని కాటాలకి ఇచ్చానో తెలుసు కదా నీకు. ఇప్పుడు ఇది బయటికి పొక్కిందనుకో, ఇప్పటిదాకా బుద్ధిగా ఉన్నవాడికి కూడా ఒకసారి నొక్కి చూద్దామనిపిస్తుంది. నువ్వు మేలు చేస్తున్నాననుకుని దొంగలకి పాఠం చెప్పినట్టవుతుంది.'

ఈ మాటలో నిజముంది. ఇప్పటికీ ఉందనే అంటాను. అందుకే నేను కాటాలో నోరు మెదపకుండా ఆయన దగ్గరికి వచ్చాను. కానీ ఆ నిజాన్ని ఆయన దేనికి వాడుకుంటున్నారో కూడా నాకు కనిపిస్తూనే ఉంది.

'అయితే సరిచేసి అందరికీ పంపండి సార్.'

'చేద్దాం. సీజన్ అవనీ. ఇప్పుడు అన్ని కాటాలకీ ఫ్లాపీలు పంపితే ఎందుకని అడుగుతారు. తప్పుందని తెలిస్తే రేపు నా సాఫ్ట్‌వేర్ ఎవరు కొంటారు?' అంతలోనే మెత్తగా అన్నారు. 'నువ్వు అక్కడ మేడ మీద కూర్చుని ఎంతకాలమని పిల్లలకి టైపింగ్ నేర్పుతావు? ఇక్కడికి వచ్చేయ్. నాతో సమానంగా పని చెయ్. జీతం నీ ఇష్టం.'

'మరి ఆ అమ్మాయి?'

'చిన్న ఉద్యోగమేగా అమ్మా. ఇంకోటి దొరుకుతుంది.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఇచ్చిన కాఫీ సగంలో వదిలేసి లేచాను. ఆయన నాకిస్తానన్నది ఉద్యోగం కాదు. నేను నోరు మూసుకోవడానికి వెల కట్టారు, అంతే. వేసవి పంట దాళ్వా కోతలు మొదలయ్యేలోపు సరిచేయకపోతే నా దారి నేను చూసుకుంటానని చెప్పి వచ్చేశాను. గురువుతో అలా మాట్లాడటం అదే మొదలు.

తిరుగు బస్సు సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి కోపం కొంచెం దిగి, ఆలోచన మొదలైంది. నా దగ్గరున్నదేమిటి అసలు? ఒక తప్పు ఎక్కడుందో తెలిసిన జ్ఞానం. దీన్ని వాడితే దొంగనవుతాను. అమ్మితే దొంగకి తాళంచెవి ఇచ్చినదాన్నవుతాను. పేపరుకెక్కిస్తే డెల్టా అంతా తాళంచెవులు పంచినట్టవుతుంది. మూసిపెట్టుకుంటే రోజూ పోతున్న ధాన్యానికి కాపలా కాస్తున్నట్టవుతుంది. ఏం చేసినా తప్పే అనిపించేలా ఉంది. ఇప్పుడైతే ఇలాంటి తప్పులు కనిపెట్టి చెప్పినవాళ్ళకి పెద్ద పెద్ద కంపెనీలు బహుమతులు ఇస్తున్నాయి, ఇంకోపక్క ఎక్కువ ఇచ్చేవాడికి చాటుగా అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. వాటి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ బస్సు గుర్తొస్తుంది. నాకప్పుడు అలాంటి దారులేవీ తెలియవు. తెలిసిందల్లా ఒక్కటే, ఈ రహస్యం నాది కాదు, సారుది కూడా కాదు, దీని వల్ల పోగొట్టుకుంటున్న వాళ్ళది. వాళ్ళ సొమ్ము గురించి బేరమాడే హక్కు మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఆ వారంలోనే బేరం నా మేడ మెట్లెక్కి వచ్చింది. తెల్లటి పంచె, భుజం మీద కండువా, చేతిలో చక్కెరకేళీ గెల. కాటా గదిలో ఫ్యాను కింద కూర్చునే ధాన్యం ఏజెంట్లలో ఒకాయన.

'నమస్కారమండి మేడమ్ గారు. మా తోటలోవండి, పిల్లలకి పెట్టండి.'

మా పిల్లలు పెట్టేదాకా ఆగలేదు, అప్పటికే ఒకళ్ళిద్దరు తొక్కలు కూడా పడేశారు. ఆయన మేనకోడల్ని కోర్సులో చేర్చే విషయం కొంచెంసేపు మాట్లాడి, కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

'మొన్న కాటాలో పొద్దంతా కూర్చున్నారంట కదండి. రాజమండ్రి కూడా వెళ్ళొచ్చారంట.'

'వెళ్ళానండి.'

'ఏదో చిన్న పిల్ల, తెలిసో తెలియకో చేసుంటుంది. మీలాంటి పెద్దోళ్ళు దాన్ని పట్టుకుని లాగడం ఎందుకండి? మీకు తెలిసిందేదో మీ దగ్గరే ఉంటే అందరికీ మంచిదండి. ఊరికే ఉంచమనట్లేదండి. నేను కొనుక్కున్నాననుకోండి. సరుకు మీది, ధర మీరు చెప్పిందే.'

'నా దగ్గర ఏం సరుకుందనండి?'

'అదేనండి, ఆ ముహూర్తం బటన్లో బరువు కూడా...' అని టక్కున ఆగిపోయాడు.

నేను ఆ సంగతి చెప్పింది సారుకీ, ఆ అమ్మాయికీ. సారు ఇలాంటి వాళ్ళని గుమ్మం తొక్కనివ్వరు. ఆ అమ్మాయి నోరు తెరిచే రకం కాదు. ఆయనకి ఎలా తెలుసో వేరే చెప్పాలా? ఆయన ఆ కిటుకు కొనడానికి రాలేదు, అది ఎప్పటి నుంచో ఆయన దగ్గరే ఉంది. కొనడానికి వచ్చింది నా నోటిని.

'ఇది నా సరుకు కాదండి' అన్నాను. 'పోగొట్టుకున్న వాళ్ళది. మీకు కొనాలనుంటే వాళ్ళ దగ్గరికే వెళ్ళి, ఫలానాది కొంటున్నానని చెప్పి కొనుక్కోండి. ఈ గెల కూడా పట్టుకెళ్ళండి. తినేసిన పళ్ళకి మాత్రం నేను పూచీ కాదు.'

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు మిగిలిన కాస్త భయం కూడా పోయింది. 'మీరు చెప్పినా ఎవరు నమ్ముతారండి, ఆయ్' అని, గెల అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. క్లాసంతా నావైపే చూస్తున్నారు. ఆయనన్నదీ నిజమే. ఆయన నోరు జారడాన్ని విన్నది నేనొక్కదాన్నే.

అంటే నమ్మేలా చూపించాలి. ఎలా చేయాలో మాత్రం నేర్పకూడదు. రెండూ కలిసే దారి వెతుక్కోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

కాటా యజమానికి సొంత పొలం ఉంది. ఆయన ధాన్యం ఇంకా కళ్ళంలోనే ఉంది. మర్నాడు వెళ్ళి, 'మీ సొంత ట్రాక్టర్ ఒకటి తూయండి, మీకో సంగతి చూపిస్తాను' అన్నాను. ఏజెంటు నోరు జారిన సంగతి ఆ అమ్మాయికి అప్పటికే చెప్పాను. తనని తీసుకెళ్ళి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద, అందరికీ కనపడేలా కూర్చోబెట్టాను. ట్రాక్టర్ ఎక్కింది. నిండు బరువు ఆయనే తన కళ్ళతో చూసుకుని, తనే కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. ట్రాక్టర్ మిల్లుకి వెళ్ళింది.

'ఇప్పుడు ఒక్క నిమిషం అటు తిరగండి' అన్నాను.

'ఎందుకండి?'

'తిరగండి, చెప్తాను.'

ఆయన గోడ మీద క్యాలెండర్‌లో వాసవీ అమ్మవారి కేసి తిరిగాడు. చేయాల్సింది చేశాను. ట్రాక్టర్ ఖాళీగా తిరిగొచ్చింది, రెండో తూకమైంది, చీటీ కరకరలాడుతూ ప్రింటర్లోంచి వచ్చింది. ఆయన చీటీ చదివి, మళ్ళీ చదివి, కుర్చీలో కూలబడ్డాడు. ఆయన ధాన్యంలో కొన్ని బస్తాలు మాయమయ్యాయి. పరాయివాళ్ళ బస్తాలు పోయినప్పుడు అరిచిన మనిషి, తనవి పోయేసరికి గుసగుసగా అడిగాడు.

'ఎలా చేశారు?'

'చెప్పను. సాఫ్ట్‌వేర్ రాసినాయనకి చెప్పాను, ఆయన సరిచేయాలి. మీకు చెప్తే మీ గుమాస్తాకి తెలుస్తుంది, గుమాస్తాకి తెలిస్తే ఊరందరికీ తెలుస్తుంది. మీరు చూడాల్సింది ఒక్కటే. ఆ అమ్మాయి అక్కడ బెంచీ మీదుంది. ఈ గదిలో లేదు.'

ఆయన చీటీ మీంచి తలెత్తి, నేను అస్సలు ఊహించని మాట అన్నాడు.

'అంటే ఎవరైనా చేసుండొచ్చంటారు. మరి ఎవరైనా అంటే ఆ అమ్మాయి కూడా చేసుండొచ్చుగా?'

ఆయన తర్కం తప్పు కాదు. తలుపు తెరిచి ఉందని నేను చూపించగలిగాను కానీ, ఎవరు నడిచారో చూపించలేకపోయాను.

'చేసుండొచ్చండి' అన్నాను. 'నేనూ చేసుండొచ్చు. మీరూ చేసుండొచ్చు. రోజూ ఈ ఫ్యాను కింద కూర్చునే పెద్దమనుషులు ఎవరైనా చేసుండొచ్చు. గదికి తాళం లేదు, ఆ పిల్లకి బాత్రూమ్ లేదు, కంప్యూటర్‌కి కాపలా లేదు. ఇంతమంది ఉండగా అందరి ముందూ దొంగనడానికి మీకు ఆ ఒక్క పిల్లే ఎందుకు దొరికిందండి?'

ఆయన ఫ్యాను కింద ఖాళీ కుర్చీల కేసి ఒకసారి చూశాడు.

ఆ సాయంత్రమే ఆయన రాజమండ్రికి ఫోన్ చేసి సారుని ఉతికి ఆరేశాడట. మర్నాడు పొద్దున్నే సారు మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. నేను అవమానం చేశానన్నారు. ఎలా చేయాలో ఎవరికీ చెప్పలేదు సార్, పోతోందని మాత్రం చూపించాను అన్నాను. మీరు సరిచేయకపోతే ఇదే ఆట డెల్టాలో ఉన్న ప్రతి కాటాలో, ఆ యజమాని సొంత ధాన్యంతో ఆడి చూపిస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత చొక్కా చేతులు మడుచుకుని మా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మళ్ళీ నేర్చుకునే రోజుల్లోలా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన రాస్తుంటే చూడటం నాకెప్పుడూ ఇష్టమే, ఆ రోజు కూడా ఇష్టంగానే ఉంది. అంత కోపంలోనూ.

అసలు తమాషా తర్వాత జరిగింది. కొత్త ఫ్లాపీ పట్టుకుని కాటాకి వెళ్తే యజమాని చేసిన మొదటి పని, ముహూర్తం బటన్ నొక్కి చూడటం. ఏమీ రాలేదు.

'ఇదేంటండి, బటన్ పని చెయ్యట్లేదు?'

'తీసేశామండి. దొంగ దూరింది దాంట్లోంచే.'

'దొంగ సంగతి తర్వాతండి బాబు! వర్జ్యంలో బండొస్తే మొదటి చీటీ ఎలా ఇవ్వమంటారు? పాతదే ఉంచెయ్యండి.'

తన బస్తాలు పోయినా పర్వాలేదట, వర్జ్యం మాత్రం తప్పాలట. నవ్వాలో ఏడవాలో తెలియక సారు, నేను మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు సారే ఉపాయం చెప్పారు. చీటీ పైన 'శుభ సమయం' అని ఒక వరస, అందులో ఎవరికి కావాల్సిన ఘడియ వాళ్ళు కొట్టుకోవచ్చు. అసలు టైము, అసలు బరువు కింద అచ్చవుతాయి, వాటిని ఆ వరస ముట్టుకోలేదు. కింద వచ్చే అసలు టైము తీసేయమని యజమాని కాస్త గునిశాడు. నేను ఒప్పుకోలేదు. ముహూర్తం మీ ఇష్టమండి, గడియారం మాత్రం నిజం చెప్పాల్సిందే అన్నాను. ఆ ఫ్లాపీనే సారు మనిషి అన్ని కాటాలకీ తిరిగి పెట్టొచ్చాడు. అంతా పూర్తయ్యాక సారు తన పేరుతోనే యజమానులందరికీ చెప్పారు, పాతదాంట్లో బరువు మార్చే వీలుండేదని, ఇప్పుడు లేదని. ఆయన అలా చెప్తారని నేను అనుకోలేదు. ఆయన మీద నాకు పోయిన గౌరవంలో చాలా వరకు ఆ రోజు తిరిగొచ్చింది.

దాళ్వా కోతలు మొదలయ్యాయి. యజమాని ఆ అమ్మాయికి కబురుపెట్టాడు, వచ్చి కూర్చోమని. నేను కూడా వెంట వెళ్ళాను. అప్పటికే కాటా ముందు లారీలు వరస కట్టి ఉన్నాయి, డ్రైవర్లు దిగి చుట్టలు కాలుస్తున్నారు. యజమాని గుమ్మంలో నిలబడి, 'రా అమ్మాయ్, టైమైపోతోంది' అన్నాడు, ఏమీ జరగనట్టే.

ఆ అమ్మాయి గది వైపు వెళ్ళలేదు. కాటా మీదికెక్కి, లారీ నిలబడాల్సిన ఇనుప పలక నడిమధ్య నిలబడింది.

'కూర్చుంటానండి. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి.'

'ఏ మాట?'

'ఇక్కడే అన్నారు కదండి. ఇక్కడే అనండి, కాదని.'

'ఏదో కోపంలో అన్నాను. పనిలోకి పిలిచానంటే అర్థం కాలేదా? దిగు, బండ్లు ఆగిపోయాయి.'

'అప్పుడు గట్టిగా అన్నారండి. ఇప్పుడు పిలిచి ఊరుకుంటే సగం మందికి తెలీదు.'

ముందున్న లారీ హారన్ కొట్టింది. ఆ పిల్ల కదల్లేదు. నేను కూడా చెప్పులు విడిచి పలక ఎక్కి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. గదిలో తెర మీద మా ఇద్దరి బరువు వెలుగుతూ ఉండి ఉంటుంది. నాకు ఎందుకో ఆ క్షణంలో చాలా సంతోషంగా ఉంది. వెనక హారన్లు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. ఒక డ్రైవరు, 'అనెయ్యండి బాబూ, మా కిరాయిలు పోతున్నాయి' అని అరిచాడు. ఇంకొకడు, 'అమ్మాయి అడిగింది న్యాయమేగా' అన్నాడు.

యజమాని కండువాతో మొహం తుడుచుకున్నాడు. రెండడుగులు ముందుకొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

'ఈ అమ్మాయి దొంగతనం చెయ్యలేదు. నేను తొందరపడ్డాను.'

హారన్లు ఆగాయి. ఇక దిగుతుందనుకుని నేను పలక దిగిపోయాను. ఆ పిల్ల మాత్రం అక్కడే నిలబడి వరస చివరి వరకూ చూసింది. చివరి లారీ పక్కన తెల్ల పంచెలో ఆ ధాన్యం ఏజెంటు, కిళ్ళీ నములుతూ, ఇటు చెవే లేనట్టు పొలాల కేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

'ఇంకోసారి గట్టిగా అనండి' అంది ఆ పిల్ల. 'ఆ చివరాయనకి వినపళ్ళేదండి.'